తండ్రి రాసిన గీతం, కొడుకు రాసిన ఉత్తరం

రెండో ప్రపంచ యుద్ధం ముగిసిన కొత్తలో విల్నియస్ నగరంలో ఓ చిన్న కుర్రాడు బడి వదిలాక ఇంటికి దారి తప్పాడు. ఆ బడిలో అదే అతనికి మొదటి రోజు. కూలిన గోడల మధ్య, ఇటుకల గుట్టల మధ్య గంటల తరబడి తిరిగాడు. ఎవరినైనా అడుగుదామంటే దారిన పోయేవాళ్లే తక్కువ, కనిపించిన వాళ్లకేమో అతని భాష రాదు. అతని భాష లిథువేనియన్. ఆ ఊరు లిథువేనియా రాజధాని.

ఆ కుర్రాడి పేరు తోమాస్ వెంత్స్‌లోవా. తర్వాతి కాలంలో పెద్ద కవి అయ్యాడు, సోవియట్ ప్రభుత్వానికి కొరకరాని కొయ్య అయ్యాడు, దేశం నుంచి వెళ్లిపోయి యేల్ యూనివర్సిటీలో ప్రొఫెసర్ అయ్యాడు. విల్నియస్ తనకు ఎలా పరిచయమైందో చెప్పేటప్పుడు ఆయన గుర్తు చేసుకున్న సంగతుల్లో ఈ దారి తప్పడం ఒకటి. ఆయన్ని తిరుగుబాటు రచయిత అంటారు. మాట సరైనదే గానీ, ఎవరి మీద తిరుగుబాటు అని అడిగితే ఒక్క ముక్కలో చెప్పడం కష్టం. ప్రభుత్వం మీద అంటే సగమే చెప్పినట్టు. తండ్రి మీద అంటే తప్పు చెప్పినట్టు.

ముందు ఆ ఊరి సంగతి చూడాలి. రాజధానిలో ఆ దేశపు భాష ఎందుకు పనికిరాలేదు?

1931 జనాభా లెక్కల ప్రకారం విల్నియస్‌లో పోలిష్ వాళ్లు సుమారు 66 శాతం, యూదులు 28 శాతం. లిథువేనియన్లు నూటికి ఒక్కరు కూడా లేరు. అప్పుడా ఊరు పోలండ్ చేతిలో ఉంది. వాళ్లకది విల్నో. యూదులకు విల్నే, 'లిథువేనియా జెరూసలేం' అని చెప్పుకునేంత గొప్ప చదువుల ఊరు. లిథువేనియన్లు మాత్రం అది తమ పాత రాజుల నగరమని, ఎప్పటికైనా తమదేనని అంటూ కౌనస్‌ను 'తాత్కాలిక రాజధాని'గా పెట్టుకుని కూర్చున్నారు. 1939 అక్టోబర్‌లో స్టాలిన్ ఆ ఊరిని లిథువేనియాకు ఇచ్చాడు. మరుసటి వేసవికి లిథువేనియానే మింగేశాడు. 1941లో జర్మన్లు వచ్చారు. ఊరి బయట పనేరియాయ్ అడవిలో యూదులను వేల సంఖ్యలో గోతుల దగ్గర నిలబెట్టి కాల్చేశారు. యుద్ధం అయ్యాక పోలిష్ వాళ్లలో ఎక్కువమందిని రైళ్లెక్కించి పోలండ్‌కు పంపించారు. అలా ఖాళీ అయిన ఊళ్లోకి లిథువేనియన్లు వచ్చి దిగారు. వచ్చినవాళ్లలో వెంత్స్‌లోవా కుటుంబం కూడా ఉంది. అంటే ఆ కుర్రాడు దారి తప్పింది వేరేవాళ్ల ఇళ్ల శిథిలాల్లో.

ఇక తండ్రి. అంతానాస్ వెంత్స్‌లోవా (1906–1971) మామూలు రచయిత కాదు. 1940లో లిథువేనియాను సోవియట్ యూనియన్‌లో చేర్చుకోమని అడగడానికి మాస్కో వెళ్లిన ప్రతినిధుల బృందంలో ఆయన ఉన్నాడు. ఆ ఏడాదే విద్యా శాఖకు అధిపతి అయ్యాడు. తర్వాత స్టాలిన్ బహుమతి అందుకున్నాడు, రచయితల సంఘానికి అధ్యక్షుడయ్యాడు. అన్నిటికంటే ముఖ్యంగా, 1950లో సోవియట్ లిథువేనియా అధికారిక గీతాన్ని రాశాడు. అందులో స్టాలిన్ పేరు కూడా ఉండేది, తర్వాత తీసేశారు. తోమాస్ తల్లి తోబుట్టువును పెళ్లాడిన పెత్రాస్ త్స్విర్కా కూడా పేరున్న రచయితే, ఆ మాస్కో బృందంలోనే ఉన్నాడు. విల్నియస్ నడిబొడ్డున ఆయన విగ్రహం దశాబ్దాల పాటు ఉండి, 2021లో తొలగింది.

ఇలాంటి ఇంట్లో పుట్టినవాడికి జీవితం వడ్డించిన విస్తరి. మంచి ఇల్లు, ఇంటినిండా పుస్తకాలు, తాత గ్రీకు, లాటిన్ ప్రొఫెసర్. నోరు మూసుకుని ఉంటే చాలు, పదవులు వాటంతట అవే వచ్చేవి.

ఇక్కడ చిన్న పిట్టకథ. లిథువేనియన్‌లో కొడుకును 'సూనుస్' అంటారు. ఆంజనేయుణ్ని పవనసూనుడు అని పిలుచుకునే మనకు ఈ మాట చుట్టపుదే. నిప్పు 'ఉగ్నిస్', తేనె 'మెదుస్', దేవుడు 'దియెవాస్'. ఇప్పటికీ జనం మాట్లాడుతున్న ఇండో-యూరోపియన్ భాషల్లో పాత లక్షణాలు ఇంతగా నిలుపుకున్నది మరొకటి లేదని భాషావేత్తలు చెబుతారు, సంస్కృతంతో పోల్చి చూపిస్తారు. కానీ ఆ భాషకు ఒక చేదు అనుభవం కూడా ఉంది. 1864 నుంచి 1904 దాకా, నలభై ఏళ్లు, రష్యన్ చక్రవర్తులు లాటిన్ లిపిలో లిథువేనియన్ అచ్చు వేయడాన్ని నిషేధించారు. జనం జర్మనీ వైపు పుస్తకాలు అచ్చు వేయించి, బస్తాల్లో దాచి, రాత్రిపూట సరిహద్దు దాటించేవాళ్లు. పట్టుబడితే సైబీరియా. అందుకే లిథువేనియన్లకు భాష అంటే జాతి, జాతి అంటే భాష. కవి అంటే దాదాపు పూజారి. ఈ గౌరవమే తర్వాత తోమాస్‌కు ఇబ్బంది తెచ్చింది. పూజారి గుడి గురించి చెడు చెప్పకూడదు కదా.

1956లో సోవియట్ ట్యాంకులు హంగరీలోకి వెళ్లి తిరుగుబాటును అణిచేశాయి. అప్పుడు తోమాస్‌కు పంతొమ్మిదేళ్లు, విల్నియస్ యూనివర్సిటీలో విద్యార్థి. తాను నమ్మినదంతా అక్కడే విరిగిందని ఆయన తర్వాత చాలాసార్లు చెప్పుకున్నాడు. ఆ తర్వాత మాస్కో, లెనిన్‌గ్రాడ్ వెళ్లాడు. అన్నా అఖ్మతోవాతో, జోసెఫ్ బ్రాడ్‌స్కీతో పరిచయం పెంచుకున్నాడు, వాళ్ల కవిత్వాన్ని లిథువేనియన్‌లోకి తెచ్చాడు. బ్రాడ్‌స్కీ లిథువేనియాకు తరచూ వచ్చేవాడు, తోమాస్‌కు కవితలు అంకితం కూడా ఇచ్చాడు. సరిగ్గా చూస్తే ఇదొక విడ్డూరం. రష్యా ఆక్రమించిన దేశంలోని కవికి ధైర్యం ఇచ్చింది రష్యన్ కవులే.

ఆయన కవిత్వం చదివినవాళ్లకు మొదట నిరాశ కలగొచ్చు. అందులో నినాదం లేదు, పిడికిలి లేదు. గ్రీకు వీరులు, చలికాలం, ఓడరేవులు, ఖాళీ వీధులు కనిపిస్తాయి. పైగా అంతా ఛందస్సులో, అంత్యప్రాసలతో. మన దగ్గర ఛందస్సును తెంచుకోవడమే తిరుగుబాటు అని నేర్చుకున్నాం కాబట్టి, ఇదెక్కడి తిరుగుబాటు అనిపిస్తుంది. ఇక్కడే కొంచెం ఆగి ఆలోచించాలి. అధికారిక కవిత్వం కూడా ప్రాసలతోనే ఉండేది, నిజమే. కానీ అందులో మాటలు అరిగిపోయిన నాణేల్లాంటివి. ఏ మాట తర్వాత ఏ మాట వస్తుందో వినేవాడికి ముందే తెలుసు. తోమాస్ ఆ పాత వృత్తాలనే తీసుకుని, ఒక్కో మాటనూ దాని అసలు బరువుతో వాడాడు. రాజ్యం భాషను పాడు చేస్తున్నప్పుడు దాన్ని శుభ్రంగా ఉంచుకోవడమే పని అనుకున్నాడు. 1972లో బ్రాడ్‌స్కీని దేశం నుంచి పంపేశాక ఆయన్ని ఉద్దేశించి రాసిన కవితకు 'అఖిలీస్ డాలు' అని పేరు పెట్టాడు. పేరు చూస్తే గ్రీకు పురాణం. ఎవరి కోసం రాశాడో తెలిసినవాళ్లకు తెలుసు.

దేశంలో ఉండగా ఆయనవి అచ్చయిన కవితా సంపుటాలు ఒకే ఒక్కటి, 'భాషా సంకేతం', 1972లో. ఆ పేరులోనే ఆయన ఉన్నాడు. తర్వాత అచ్చు తలుపులు ఒక్కొక్కటీ మూసుకుపోయాయి. ఆ వ్యవస్థలో ఇదెంత ప్రమాదమో మనకు వెంటనే తెలియదు. సోవియట్ చట్టం ప్రకారం ఉద్యోగం లేనివాడు 'పరాన్నభుక్కు', అదొక నేరం. బ్రాడ్‌స్కీని 1964లో శిక్షించింది ఈ చట్టం కిందే. ముందు పని దొరక్కుండా చేస్తారు, తర్వాత పని లేదని పట్టుకుంటారు. తోమాస్ అనువాదాలతో, ఒక నాటక సంస్థలో సాహిత్య విభాగం ఉద్యోగంతో నెట్టుకొచ్చాడు.

1975 మే 9. నాజీ జర్మనీ మీద గెలుపుకు ముప్పై ఏళ్లు. ఊరంతా జెండాలు, కవాతులు. సరిగ్గా ఆ తేదీ వేసి తోమాస్ లిథువేనియా కమ్యూనిస్టు పార్టీ కేంద్ర కమిటీకి ఒక ఉత్తరం రాశాడు.

ఉత్తరం పెద్దదేమీ కాదు, తిట్లు లేవు, బతిమాలడం లేదు. కమ్యూనిస్టు సిద్ధాంతం నాకు పరాయిది, నా దృష్టిలో చాలావరకు తప్పు అన్నాడు. దాని ఏకపక్ష పాలన మన దేశానికి ఎన్నో కష్టాలు తెచ్చిపెట్టింది అన్నాడు. ఇక్కడ సాహిత్యం చేసే వీలు నాకు లేదు, కాబట్టి కుటుంబంతో సహా విదేశాలకు వెళ్లడానికి అనుమతి ఇవ్వండి, మానవ హక్కుల ప్రకటన ప్రకారం అది నా హక్కు అన్నాడు. ఇంతవరకు ఏ అసమ్మతివాది రాసినా రాసే మాటలే.

రెండు చోట్ల మాత్రం ఉత్తరం వేరే దారి పడుతుంది. ఒకటి: నేను కమ్యూనిస్టు సిద్ధాంతాన్ని సీరియస్‌గా తీసుకుంటాను, అందుకే దాని సూత్రాలను యాంత్రికంగానో దొంగవేషంతోనో వల్లించలేను అంటాడు. ఈ మాట అందుకున్న అధికారి పరిస్థితి ఊహించండి. 1975 నాటికి ఆ ఆఫీసుల్లో కూర్చున్నవాళ్లలో ఆ సూత్రాలను నిజంగా నమ్మేవాళ్లు ఎందరు? పొద్దున సభలో వల్లించి, సాయంత్రం వంటింట్లో కూర్చుని నవ్వుకునే కాలం అది. వాళ్లందరి మధ్యా ఆ సిద్ధాంతాన్ని గౌరవించినవాడు, దాన్ని కాదన్న ఈ ఒక్కడే.

రెండోది తండ్రి గురించి. అప్పటికి అంతానాస్ చనిపోయి నాలుగేళ్లు. నా తండ్రి నమ్మకం ఉన్న కమ్యూనిస్టు, మనిషిగా ఆయన్ని గౌరవించాను, ఇప్పటికీ గౌరవిస్తాను, నమ్మిన సూత్రానికి కట్టుబడి ఉండటం ఆయన దగ్గరే నేర్చుకున్నాను అని రాశాడు. అయితే 1956 నుంచి జీవితాన్ని చూస్తూ నాకు వేరే దృక్పథం ఏర్పడింది అన్నాడు.

తండ్రి మీద తిరుగుబాటు అంటే తప్పు అని మొదట్లో అన్నది ఇందుకే. తండ్రిని తిట్టి ఉంటే పని సులువయ్యేది. విదేశాల్లోని లిథువేనియన్లు చప్పట్లు కొట్టేవాళ్లు కూడా. కానీ ఆయన తండ్రి నుంచి పాటను తీసుకోలేదు, పట్టుదలను తీసుకున్నాడు. దీన్ని కొందరు తెలివైన ఎత్తుగడ అన్నారు, పార్టీ నోరు మూయించడానికి తండ్రి పేరు వాడుకున్నాడని. నేనలా అనుకోను. యాభై ఏళ్లుగా ఆయన తండ్రి గురించి మాట్లాడుతున్న తీరు మారలేదు. ఆయన చేసింది తప్పని చెబుతాడు, ఆయన్ని మాత్రం వదులుకోడు.

అయితే ఆ పేరు రక్షణ ఇచ్చిందన్నది కాదనలేం. ఇంకొకరైతే ఆ ఉత్తరానికి జైలుకో, మానసిక వైద్యశాలకో వెళ్లేవారు. ఈయన్ని ఏడాదిన్నర పాటు అటూ ఇటూ తేల్చకుండా ఉంచారు.

ఈలోగా ఇంకో సంగతి జరిగింది. 1975 ఆగస్టులో హెల్సింకీలో 35 దేశాలు ఒక ఒప్పందం మీద సంతకాలు చేశాయి. సోవియట్ యూనియన్‌కు అందులో కావాల్సింది ఐరోపాలో తన సరిహద్దులను అందరూ ఒప్పుకోవడం. దానికి బదులుగా మానవ హక్కుల గురించి కొన్ని పేరాలను భరించింది. ఎవరు చదువుతారులే అనుకుని ఉంటారు. కొందరు చదివారు. మీరు సంతకం పెట్టారు కదా, అమలు చేస్తున్నారో లేదో మేం చూస్తాం అంటూ మాస్కోలో మొదట ఒక బృందం, ఆ తర్వాత 1976 డిసెంబర్ 1న లిథువేనియన్ బృందం బయటికొచ్చాయి.

లిథువేనియా బృందంలో మొదట ఐదుగురు: కరోలిస్ గరుత్స్కాస్ అనే జెస్యూట్ ఫాదర్, అంతకుముందే చాలా ఏళ్లు జైళ్లలో గడిపిన విక్తోరాస్ పెత్కుస్, స్టాలిన్ శిబిరాల్లో శిక్ష అనుభవించిన కవయిత్రి ఒనా లుకౌస్కైతె-పోష్కియెనె, యూదు భౌతిక శాస్త్రవేత్త ఏతనాస్ ఫింకెల్‌స్టైన్, వీళ్లతో పాటు మాజీ మంత్రి కొడుకు తోమాస్. దైవభక్తుడు, యూదుడు, ఏ మతాన్నీ పట్టుకోని కవి ఒకే బల్ల దగ్గర. లిథువేనియాలో ప్రతిఘటన అప్పటిదాకా ఎక్కువగా క్యాథలిక్ చర్చి చుట్టూ తిరిగేది కాబట్టి ఈ కలయిక కొత్తది.

ఆ రోజుల్లో విల్నియస్‌లోని ఒక హైస్కూలు నుంచి ఏడుగురు కుర్రాళ్లను తీసేశారు, అధికారులకు నచ్చని పరిచయాలున్నాయని. మాస్కో బృందం నుంచి వచ్చిన ల్యుద్మిలా అలెక్సేయెవాతో కలిసి తోమాస్ విద్యా శాఖ మంత్రి దగ్గరికే వెళ్లాడు, ఎందుకు తీసేశారని అడగడానికి. అపాయింట్‌మెంట్ అడిగి, ఎదురుగా కూర్చుని, మామూలు పౌరుల్లా. 1940లో ఆయన తండ్రి నిర్వహించిన పదవే అది.

1977 జనవరిలో ఆయన దేశం విడిచాడు. కాలిఫోర్నియాలోని బర్క్‌లీ నుంచి కవి చెస్లావ్ మిలోష్ ఆహ్వానం పంపాడు. వెళ్లేటప్పుడు తిరిగి రావచ్చన్నట్టే పంపించారు. జూన్‌లో పౌరసత్వం రద్దు చేశారు. ఆగస్టులో విల్నియస్‌లో పెత్కుస్‌ను అరెస్ట్ చేశారు. మరుసటి ఏడాది ఆయనకు పడిన శిక్ష జైలు, శిబిరం, ప్రవాసం మొత్తం కలిపి 15 ఏళ్లు. తోమాస్‌ను వీరుడని పొగిడే వ్యాసాలు ఈ లెక్కను దాటేస్తాయి. ఒకే కాగితం కింద సంతకం చేసిన ఇద్దరిలో ఒకరికి యేల్ దక్కింది, ఇంకొకరికి శిబిరం. ఆ తేడా ధైర్యంలో లేదు, ఇంటిపేరులో ఉంది, విదేశాల్లో ఉన్న స్నేహితుల్లో ఉంది.

రెండో తిరుగుబాటు దేశం విడవకముందే మొదలైంది. నాకైతే ఇదే ఎక్కువ కష్టమైనదనిపిస్తుంది.

1970ల మధ్యలో ఆయన 'యూదులు, లిథువేనియన్లు' అని ఒక వ్యాసం రాశాడు. చేతిప్రతులుగా తిరిగింది, తర్వాత విదేశాల్లో అచ్చయింది. యుద్ధానికి ముందు లిథువేనియాలో ఉన్న యూదుల్లో నూటికి తొంభై మందికి పైగా చంపేశారు. ప్రణాళిక నాజీలది. కానీ తుపాకులు పట్టినవాళ్లలో స్థానిక లిథువేనియన్లూ ఉన్నారు. సోవియట్ ప్రభుత్వం ఈ హత్యల గురించి మాట్లాడితే 'సోవియట్ పౌరులను చంపారు' అనేది, యూదులు అన్న మాట రానిచ్చేది కాదు. ప్రవాస లిథువేనియన్లు మాట్లాడితే 'కొందరు రౌడీలు చేశారు, జాతికి ఏం సంబంధం' అనేవాళ్లు. తోమాస్ ఈ రెండూ కాదన్నాడు. లిథువేనియన్‌గా నేను మాట్లాడాల్సింది లిథువేనియన్ల నేరం గురించి అన్నాడు. జాతి గొప్పతనంలో వాటా కావాలంటే దాని పాపంలోనూ వాటా తీసుకోవాలి అన్నది ఆయన వాదన.

దుమారం రేగింది. దేశంలో ఉన్న కొందరు అసమ్మతివాదులకే ఇది నచ్చలేదు. దేశం ఆక్రమణలో ఉంది, మనమే బాధితులం, ఇప్పుడు మన మీద మనం బురద చల్లుకోవడమా అన్నారు. ఈ ప్రశ్న వినడానికి సబబుగానే ఉంటుంది. కష్టంలో ఉన్నవాడు తన తప్పు గురించి మాట్లాడటానికి మంచి సమయం ఎప్పుడు? ఆయన సమాధానం, ఇప్పుడే.

పోలండ్ విషయంలోనూ అంతే. 1978లో మిలోష్, తోమాస్ విల్నియస్ గురించి ఒకరికొకరు ఉత్తరాలు రాసుకున్నారు. మిలోష్ ఆ ఊళ్లోనే చదువుకున్నవాడు, పోలిష్‌లో రాసేవాడు. ఆయన గుర్తు చేసుకునే విల్నోలో లిథువేనియన్ దాదాపు వినిపించదు. తోమాస్ పెరిగిన విల్నియస్‌లో పోలిష్ వాళ్లు వెళ్లిపోయారు. ఒకే వీధికి ఇద్దరి దగ్గరా వేర్వేరు పేర్లు. ఊరు నాదంటే నాది అని కొట్లాడుకోవాల్సిన ఇద్దరు కూర్చుని, ఇది మనలో ఎవరొక్కరిదీ కాదని తేల్చుకున్నారు. తోమాస్ ఆ చిన్నప్పటి దారి తప్పిన సంగతి చెప్పింది ఈ ఉత్తరాల్లోనే. రెండేళ్లకు మిలోష్‌కు, 1987లో బ్రాడ్‌స్కీకి నోబెల్ వచ్చాయి. ముగ్గురు స్నేహితుల్లో అది రానిది చిన్న భాషలో రాసినవాడికే. దాని గురించి ఆయన ఎక్కడా వాపోయినట్టు కనిపించదు.

1988లో తండ్రి రాసిన గీతాన్ని పక్కన పెట్టి, పాత జాతీయ గీతాన్ని మళ్లీ తెచ్చారు. 1990 మార్చి 11న లిథువేనియా స్వాతంత్ర్యం ప్రకటించుకుంది. ఇక తోమాస్ కథ సుఖాంతం కావాలి. బహుమతులు వచ్చాయి, 2000లో జాతీయ పురస్కారం వచ్చింది, పుస్తకాలు అచ్చయ్యాయి. ఆయన మాత్రం మళ్లీ గొడవ పెట్టుకున్నాడు. 2010లో 'నాకు ఊపిరాడటం లేదు' అనే పేరుతో వ్యాసం రాశాడు. స్వతంత్ర దేశంలో దేశభక్తి పేరుతో జనం తలుపులు బిగించుకుంటున్నారని, యూరప్ అన్నా పొరుగువాడన్నా భయం పెంచుకుంటున్నారని అందులో బాధ. సోవియట్ కాలంలో ఆయన్ని 'జాతీయవాది' అన్నవాళ్లు ఉన్నారు. ఇప్పుడు 'జాతి ద్రోహి' అన్నవాళ్లు బయలుదేరారు. వీళ్లలో కొందరు ఆయన కవితలు బళ్లో బట్టీ పట్టినవాళ్లే అయి ఉంటారు.

యేల్‌లో 1980 నుంచి 2012 దాకా పాఠాలు చెప్పి రిటైరయ్యాక, 2018లో విల్నియస్ వచ్చి స్థిరపడ్డాడు. అప్పటికి ఎనభై దాటాయి. పామెన్‌కల్నియో వీధిలో ఆ కుటుంబం ఉన్న పాత ఇల్లు ఇప్పుడు మ్యూజియం. తండ్రి రాసుకున్న గది, పుస్తకాల అల్మారాలు అలాగే ఉంచారు. సోవియట్ కాలంలో అది అంతానాస్ వెంత్స్‌లోవా స్మారక మ్యూజియం. స్వాతంత్ర్యం వచ్చాక మూసేయలేదు, పేరు మాత్రం కొద్దిగా మార్చారు. లిథువేనియన్‌లో ఇంటిపేరుకు కూడా బహువచనం ఉంటుంది. ఇప్పుడు గుమ్మం దగ్గర బోర్డు మీద ఉన్నది 'వెంత్స్‌లోవాల ఇల్లు'.